ఫ్యాను గుయ్‌మంటుందా?

మే నెల. పురిటికి వచ్చిన మా చెల్లెలు పదిహేను రోజుల పసివాడితో మా ఇంటనే ఉన్నది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చేసరికి ఆ గదిలోని సీలింగు ఫ్యాను తిరగడం మానేసింది. స్విచ్చి వేస్తే గుయ్‌మని శబ్దమే గాని రెక్కలు కదలవు. కబురంపితే వచ్చిన మెకానిక్కు దాన్ని ముట్టకుండానే "వైండింగు కాలిపోయిందండీ" అన్నాడు. రెండేళ్ల క్రితం మరో ఫ్యాను విషయంలో ఇదే మాట నమ్మి, దాన్ని గోనెసంచిలో కట్టి బస్సులో టౌనుకు మోసుకెళ్లి రివైండింగు చేయించిన వాళ్లం మేము. ఈసారీ సంచి వెదుకుతుంటే, లైన్‌మన్‌గా చేసి రిటైరైన మా పక్కింటి పెద్దాయన "ఆగండి అయ్యగారూ, ఎండు కర్ర ఒకటి తెండి" అన్నారు.

స్విచ్చి వేసి, కర్రతో రెక్కను ఒక్కసారి నెట్టి, చప్పున కర్ర తీసేశారు. ఫ్యాను తిరగసాగింది! "మోటారుకేం కాలేదు, కండెన్సరు పోయింది" అన్నారు.

షాపులో కెపాసిటర్ అనేదీ, మెకానిక్కులు కండెన్సరు అనేదీ ఒకటే. ఫ్యాను మోటారులో రెండు చుట్లు ఉంటాయి. రెండింటిలోనూ కరెంటు ఒకేసారి పారితే రెక్క ఎటు తిరగాలో తేలక మూలుగుతుంది. ఒక చుట్టలోని కరెంటును కాస్త ముందు వెనుకలు చేసి, తిరుగుడు మొదలుపెట్టించేదే ఈ చిన్న డబ్బా. అది నీరసిస్తే ఫ్యాను మెల్లగా తిరుగుతుంది, చస్తే అసలు కదలదు. ఆ స్థితిలో స్విచ్చి వేసే ఉంచితే మోటారు వేడెక్కి, లేని జబ్బు నిజంగానే వస్తుంది. చేతితో తిప్పినా బిగుసుకుపోయి ఉంటే అది బేరింగు సంగతి. అరుదుగా స్టార్టింగు చుట్ట తెగినా ఇలాగే గుయ్‌మంటుంది. డబ్బా మార్చినా తిరగకపోతే అప్పుడు టౌనుకు వెళ్లండి.

మేమే మారుద్దామని స్విచ్చి ఆపి స్టూలు ఎక్కాము. పైకప్పు కింది గిన్నె జార్చి తీగ పట్టుకోగానే ఈడ్చి కొట్టింది. కింద పడ్డాము. మంచం పక్కనే ఉండబట్టి సరిపోయింది గాని, చెల్లెలు బిడ్డను హత్తుకుని ఏడ్చిన ఏడ్పు ఇప్పటికీ గుర్తే. చదువరులారా, చాలా ఇళ్లలో వైరింగు చేసినవారు ఫేజుకు బదులు న్యూట్రల్‌ను స్విచ్చికి ఇస్తారు. అలాంటి చోట స్విచ్చి ఆపినా పైన కరెంటు ఉంటుంది. కనుక మెయిన్ ఆపి, ప్రతి తీగకూ టెస్టరు పెట్టి చూడనిదే చెయ్యి పెట్టవద్దు. మేము ఆ తొందరలో టెస్టరు మాటే మరచాము.

పాత డబ్బా మీది అంకెనే కొత్తదాని మీదా చూసుకోండి. మామూలుగా 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టులు. పెద్దది వేస్తే జోరుగా తిరుగుతుందనే మాట విని మోటారును వేడెక్కించుకోకండి. డబ్బా తీగలు రెండింటిలో ఏది ఎటు కలిపినా ఫరవాలేదు. అయితే అవి మోటారు తీగల్లో వేటికి కలిసి ఉన్నాయో ముందే కాగితం మీద గీసుకోవాలి. మారితే ఫ్యాను వెనక్కు తిరగవచ్చు. ఇప్పుడు వస్తున్న రిమోట్ బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఈ వైద్యం పనికిరాదు, వాటి లోపల ఉండేది సర్క్యూటు బోర్డు.

సాయంత్రానికి ఫ్యాను తిరిగింది. మర్నాడు ఆ స్విచ్చికి ఫేజు మార్పించాము. అది మాత్రం మేము చేయలేదు, లైన్‌మన్ పెద్దాయనే చేశారు.