బస్తర్ మలేరియా చికిత్సలో సల్ఫా మందు ఏం చేస్తుంది?

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 ఆరంభంలో 'మలేరియా ముక్త్ బస్తర్' చేపట్టింది. మొదటి విడతలో ఇంటింటికీ తిరిగి సుమారు 14 లక్షల మందికి పరీక్షలు చేస్తే, 64 వేల మందికి పైగా మలేరియా బయటపడింది. వారిలో సగానికి పైగా మందికి జ్వరమే లేదు. మిర్చి కోతలకు ఏటా బస్తర్ కూలీలు తెలుగు రాష్ట్రాలకు వస్తారు కాబట్టి ఇది మనకూ సంబంధించిన సంగతే.

ప్రమాదకరమైన ఫాల్సిపారమ్ మలేరియాకు 2010 నుంచి దేశమంతటా ఒక మందుల జతను నిర్దేశించారు. ఆర్టీసునేట్ మూడు రోజులు వేసుకోవాలి. దానితో పాటు మొదటి రోజే సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ మాత్ర ఇస్తారు. ఇందులో సల్ఫాడాక్సిన్ సల్ఫా మందు.

పెన్సిలిన్ వాడుకలోకి రాకముందు ఇన్ఫెక్షన్లకు పెద్ద దిక్కు సల్ఫా మందులే. వాటిలో మొదటిదైన ప్రొంటోసిల్ ప్రభావాన్ని గుర్తించిన జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ డొమాక్‌కు 1939లో నోబెల్ ప్రకటించారు.

ఇవి పనిచేసే తీరు సులభంగానే అర్థమవుతుంది. కణాలు పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. మనిషికి అది ఆహారంలో దొరుకుతుంది. చాలా బ్యాక్టీరియాలు, మలేరియా పరాన్నజీవి దాన్ని సొంతంగా తయారు చేసుకుంటాయి. సల్ఫా ఆ తయారీని ఒక దశలో అడ్డుకుంటుంది, పైరిమెథమిన్ ఆ తర్వాతి దశలో అడ్డుకుంటుంది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఈ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆర్టీసునేట్ వేగంగా పనిచేస్తుంది, కానీ కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతుంది. సల్ఫాడాక్సిన్ వారాల తరబడి ఉండి, మిగిలిన పరాన్నజీవులను అణుస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. రక్తంలో మందు మోతాదు క్రమంగా తగ్గుతున్న రోజుల్లో, జన్యుమార్పులున్న పరాన్నజీవులు తట్టుకుని మిగులుతాయి. అప్పుడు భారమంతా ఆర్టీసునేట్ మీదే పడుతుంది. ఈశాన్య రాష్ట్రాల్లో సరిగ్గా ఇలాగే చికిత్స విఫలం కావడంతో 2013లో అక్కడ సల్ఫా జతను తీసేసి, ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్‌కు మారారు.

అందుకే జ్వరం తగ్గిందని రెండో రోజే మాత్రలు ఆపకూడదు. గతంలో సల్ఫా మందులు పడక ఒంటిపై దద్దుర్లు వచ్చినవారు, గర్భిణులు ఆ విషయం ముందే ఆరోగ్య కార్యకర్తకు చెప్పాలి. మందు ఇవ్వడంతోనే పని పూర్తి కాదు. కొన్ని వారాల తర్వాత రోగి రక్తంలో పరాన్నజీవి మళ్లీ కనిపిస్తోందా అని చూస్తేనే, ఈ జత ఇంకా పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.