ఢిల్లీ లేఖ: భక్తపూర్ కిటికీలు

నేపాల్‌లోని భక్తపూర్‌లో, పూజారీ మఠం నెమలి కిటికీ ముందు నిలబడి మేకు కోసం వెతికాను, కానరాలేదు. కొయ్యలోనే కొయ్య బిగిసి ఉంది. 1970లో యువరాజు బీరేంద్ర వివాహానికి కానుకగా ఈ మఠాన్ని బాగుచేయించినది పశ్చిమ జర్మనీ. పుచ్చినంత మేరకే కోసి కొత్త కర్ర అతికే పనికి నేవారు వడ్రంగులు పూనుకున్నారు; ఆ పనే వారికి బడి అయింది. 2015 భూకంపంలో గుడులు కూలినప్పుడు, శిథిలాలలోని చెక్కడాలను తిరిగి జతపరచడానికి అక్కరకు వచ్చినది ఆ విద్యే.

అయితే 2018లో, కార్మిక కర్షక పార్టీ ఏలుబడిలోని నగరపాలక సంస్థ షరతులు రుచించక జర్మనీ సాయాన్నే నిరాకరించింది. పునర్నిర్మాణాన్ని కాంట్రాక్టర్లకు గాక స్థానిక సంఘాలకు అప్పగించింది. దీనిని మొండితనమనేవారున్నారు. నేననను. తక్కువ ధరకు పని దక్కించుకున్నవాడు కుర్రవాడికి ఉలి పట్టడం నేర్పుతూ కూర్చోడు గదా! ఢిల్లీలో టెండరు ఫారాలు చాలానే చూశాను. శిష్యుల భత్యానికి వాటిలో గడి ఎక్కడా కనిపించలేదు.