హోటళ్ళలో యంత్రాలు, మనుషులు

హైదరాబాద్ హలీం వండేవారికి ఒకప్పుడు భుజబలమే పెట్టుబడి. గోధుమలు, మాంసం ఉడుకుతున్న దేగ్ ముందు నిలబడి పెద్ద కర్ర ఘోట్నీలతో గంటల తరబడి దంచేవారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వంటకానికి నేడు కొన్ని వంటశాలల్లో యంత్రాలే ఆ పని చేసిపెడుతున్నాయి. వేడిలో, పొగలో మనిషి పడే కష్టం తగ్గడం మంచిదే.

మార్పు పొయ్యి దగ్గరే ఆగలేదు. బల్ల మీది క్యూఆర్ కోడ్ వంటకాల పట్టికను చూపుతుంది. ఆర్డరు నేరుగా వంటగది తెరపైకి చేరుతుంది. బిల్లు ఫోనులోనే చెల్లుతుంది. ఆర్డర్లు రాసుకునే వెయిటర్ల అవసరం ఆ మేరకు తగ్గి, పార్సిళ్ళు కట్టేవారి, వాటిని ఇంటింటికీ చేరవేసేవారి అవసరం పెరుగుతోంది. అయితే హోటలు పనివారికి యజమాని కళ్ళెదుట ఉంటాడు. డెలివరీ కార్మికునికి పని అప్పగించేదీ, కూలి లెక్కగట్టేదీ యాప్. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఇలాంటి కార్మికులను నిర్వచించింది. 2023లో రాజస్థాన్ వారికోసం ప్రత్యేక చట్టమే చేసింది.

చట్టాల సంగతి అలా ఉంచితే, హోటళ్ళు నడిపే మన సోదరులు యంత్రం కొనే ముందే పాత పనివారికి కొత్త పని నేర్పించవచ్చు. కూలి చెల్లింపులో జాప్యం తగదన్న దైవప్రవక్త (స) బోధ యాప్‌ల కాలానికీ వర్తిస్తుంది. ఇఫ్తార్ వేళకు మనం ఆర్డరు పెట్టేటప్పుడు, దాన్ని తెచ్చే యువకుడూ ఉపవాసి కావచ్చునని గుర్తుంచుకుందాం. ఆలస్యమైతే కసురుకోక, గుమ్మంలోనే అతనికి రెండు ఖర్జూరాలు, గ్లాసెడు మంచినీళ్ళు అందిద్దాం.