కణుపంత సైనికుడు... కొండంత చదువు



నేను ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీష్ చెబుతాను. గత ఏడాది ఏడో తరగతికి ఒక యాక్టివిటీ ఇచ్చాను. "మీ సొంత ఊహా రాజ్యాన్ని సృష్టించండి. దాని సైన్యాన్ని బొమ్మ గీసి, ఇంగ్లీష్‌లో ఒక పేజీ వర్ణించండి" అన్నాను. పిల్లలు చాలా ఉత్సాహంగా చేశారు. కానీ పేపర్లు తీసుకుని చూస్తే దాదాపు అన్నిట్లోనూ ఒకటే సైన్యం. తలనుంచి కాళ్లదాకా ఇనుప తొడుగులు వేసుకున్న నైట్లు, రాతి కోట, నిప్పులు కక్కే డ్రాగన్. ఒక అబ్బాయిని "మన దగ్గరి సైనికుణ్ణి గీయొచ్చు కదా నాన్నా" అని అడిగాను. "మనవాళ్లకి కవచాలు ఉండవు కదా మేడమ్, ఏం గీయాలి?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. ఆ సమాధానం కోసం వెతుకుతూ నేను నేర్చుకున్నదే ఈ నెల మీతో పంచుకుంటున్నాను. సెలవుల్లో మీ పిల్లలతో కలిసి చేయదగ్గ పని కూడా ఇందులో ఉంది.

అసలు ఈ ఆట ఏమిటి?

మీ పిల్లల నోట "వార్‌గేమ్", "మినియేచర్స్" అనే మాటలు విని ఉంటారు. ఇది ఫోన్‌లో ఆడేది కాదు. బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలు పేర్చి, స్కేలుతో దూరం కొలిచి, పాచికలు వేసి ఆడే ఆట. ఒక్కో సైనికుడు సాధారణంగా 28 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాడు. అంటే మీ బొటనవేలి పై కణుపంత.

ఈ ఆటకు పెద్ద చరిత్రే ఉంది. 1824లో ప్రష్యా సైన్యం అధికారుల శిక్షణ కోసం ఇలాంటి ఆటను తీసుకుంది. 1913లో ఇంగ్లండ్ రచయిత హెచ్.జి.వెల్స్ "లిటిల్ వార్స్" పేరుతో బొమ్మ సైనికుల ఆటకు నియమాల పుస్తకం రాశాడు. 1974లో అమెరికాలో "డంజన్స్ అండ్ డ్రాగన్స్", 1983లో బ్రిటన్‌లో "వార్‌హామర్" వచ్చాక ఊహా లోకాల సైన్యాలు, మంత్రగాళ్లు, రాక్షసులు కూడా బల్ల మీదికి చేరారు.

అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే మన దేశంలో ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు బలాలతో గళ్ల బల్ల మీద ఆడేవాళ్లు. చదరంగం అనే మాటే చతురంగం నుంచి వచ్చింది. కాబట్టి బల్ల మీద సైన్యాన్ని నిలబెట్టడం మనకు కొత్త కాదు. కొత్త ఆటల బొమ్మలు చాలావరకు యూరప్ కథల్లోంచి వచ్చాయి, అంతే. మన పిల్లలు ఆ బొమ్మలనే చూస్తున్నారు, వాటినే గీస్తున్నారు.

మన కవచాలు ఎక్కడున్నాయి?

ఆ అబ్బాయి ప్రశ్నకు జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ఉంది. శుక్రవారం మ్యూజియంకి సెలవు, మిగతా రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్లండి. ఇనుప వలతో అల్లిన కవచాలే కాదు, మన దేశంలో దూది కుట్టిన మందపాటి అంగీలను కూడా సైనికులు వాడేవారు. వాటికి వరుసగా మేకులు కొట్టిన రకాన్ని "వెయ్యి మేకుల అంగీ" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. మన ఎండల్లో యూరప్ నైట్‌లా నిలువెల్లా ఇనుము తొడుక్కుంటే ఎలా ఉంటుందో పిల్లల్నే ఆలోచించమనండి. సైన్స్, సోషల్ రెండూ అందులోనే వస్తాయి.

హంపికి వెళ్తే హజార రామాలయం బయటి గోడలు తప్పకుండా చూపించండి. ఏనుగులు, గుర్రాలు, సైనికులు వరుసలు వరుసలుగా నడిచి వెళ్తుంటారు. రామప్ప గుడికి వెళ్తే గుడి చుట్టూ అడుగు భాగాన సాగే ఏనుగుల వరుస చూడండి. శ్రీరంగంలో శేషరాయ మండపం స్తంభాల మీద రౌతులతో సహా ముందుకాళ్లు ఎత్తి లేచిన గుర్రాలు ఉంటాయి. యాళి, మకరం, గండభేరుండం... డ్రాగన్‌కు ఏ మాత్రం తీసిపోని జంతువులు మన గుళ్ల స్తంభాల మీదే ఉన్నాయి. ఫోన్‌లో సెల్ఫీ తీసుకున్న చోటే వాటి ఫొటోలు కూడా తీసుకోమనండి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. బొమ్మ చేసేవాళ్లకు వెనక వైపు ఫొటో చాలా విలువైనది.

పొరుగు దేశాల సైన్యాలు

ఇంకొంచెం ముందుకు వెళ్తే కంబోడియా. అంగ్‌కోర్‌వాట్ గోడ మీద కురుక్షేత్రం మొత్తం చెక్కారు, అంపశయ్య మీద భీష్ముడితో సహా. దగ్గర్లోని బాయన్ గుడి గోడల మీద ఖ్మేర్ సైన్యానికీ చామ్ సైన్యానికీ జరిగిన యుద్ధం ఉంది. ఆ గుడి ఏడవ జయవర్మన్ కాలానిది. ఆయన 1181లో రాజయ్యాడు. ఖ్మేర్ సైనికులు పొట్టి జుట్టుతో, ఛాతీ మీద అడ్డంగా తాళ్లు కట్టుకుని, ఈటెలు, డాళ్లు పట్టుకుని ఉంటారు. చామ్ సైనికుల తలపాగా విచ్చుకున్న పువ్వులా ఉంటుంది. ఒక ఏనుగు మీదైతే ఏకంగా పెద్ద బాణాలు విసిరే యంత్రమే బిగించి ఉంటుంది. ఇది చెప్పగానే మా క్లాసు వెనక బెంచీలు కూడా లేచి నిలబడ్డాయి.

థాయ్‌లాండ్‌లో రామాయణం పేరు రామకియన్. బ్యాంకాక్‌లోని వాట్ ప్రా కేవ్ గుడి వరండా గోడల మీద ఆ కథను 178 చిత్రాల్లో గీశారు. మన దశకంఠుడు అక్కడ థోత్సకాన్. ఆకుపచ్చ శరీరంతో వాట్ అరుణ్ గుమ్మం దగ్గర కాపలా యక్షుడిగా నిలబడి ఉంటాడు. మన కథలో విలన్ అయినవాడు అక్కడ గుడికి ద్వారపాలకుడు కూడా.

ఇక్కడే నేను ఒక పాఠం నేర్చుకున్నాను.

"దేవుణ్ణి పడేయొచ్చా మేడమ్?"

మొదటి యాక్టివిటీ తర్వాత పిల్లల్ని "ఈసారి మన ఆసియా సైన్యం చేయండి" అన్నాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు. అది నా తప్పు. ఒక గ్రూపు నాలుగు చేతులు, నీలం రంగు, శంఖచక్రాలతో శత్రు సేనాపతిని చేసింది. ఆటలో ఓడిపోయిన బొమ్మను పక్కకు పడుకోబెట్టాలి. అవతలి గ్రూపులో ఒక అమ్మాయి పాచికలు కింద పెట్టేసి, "దేవుణ్ణి పడేయొచ్చా మేడమ్?" అంది. క్లాసంతా నిశ్శబ్దం. ఆ సాయంత్రం వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. కోప్పడలేదు. "మీరు పిల్లలకి ముందే చెప్పి ఉంటే బాగుండేది కదండీ" అన్నారు. ఆవిడ అన్నది నిజమే.

అదే రోజు ఇంకో టేబుల్ మీద బాలి ద్వీపపు రంగ్దా ముసుగును ఒక దెయ్యానికి తగిలించారు. బుద్ధుడి తలను బొమ్మ కింద పీఠానికి అలంకారంగా పెట్టారు. దాన్ని చూసి ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆ అమ్మాయికీ అనిపించలేదు, నాకూ అనిపించలేదు. బాలిలో రంగ్దా, బరోంగ్ ముసుగులను గుళ్లలో భద్రపరిచి పూజిస్తారు. బుద్ధుడి తలను అలంకారంగా వాడటం థాయ్‌లాండ్‌లో పెద్ద అమర్యాద. ఇవి నాకు తర్వాత చదివితే తెలిశాయి.

ఎదుటివాళ్లు మన వాటితో ఇలాగే చేస్తే మనకు తెలుస్తుంది. "డంజన్స్ అండ్ డ్రాగన్స్" వాళ్లు 1977లో తెచ్చిన రాక్షసుల పుస్తకంలో "రాక్షస" అనే జీవికి పులి తల పెట్టారు. ఆ ఆటలో రాక్షసుడి అరచేతులు కూడా వెనక్కి తిరిగి ఉంటాయి. ఆ బొమ్మ క్లాసులో చూపిస్తే పిల్లలు పడీపడీ నవ్వారు. "మా నానమ్మ చెప్పిన కథలో రాక్షసుడు ఇలా లేడు మేడమ్" అన్నారు. అప్పుడు నేను అడిగాను: "మరి మనం కంబోడియా సైనికుడి చేతిలో జావా కత్తి పెడితే, అక్కడి పిల్లలు మనల్ని చూసి నవ్వరా?" వంకీల అంచు ఉండే క్రిస్ కత్తి జావాలో తరాలుగా ఇంట్లో దాచుకునే వారసత్వ వస్తువు.

అప్పటి నుంచి మా క్లాసులో బొమ్మ మొదలుపెట్టే ముందు ఒక కాగితం నింపాలి. ఈ ఆయుధం, ఈ దుస్తులు ఏ ప్రాంతానివి, ఏ కాలానివి? నిజంగా ఎవరు వాడేవారు? దీన్ని ఎవరైనా పూజిస్తారా? పూజించేది అయితే ఆట బల్ల మీదికి రాదు, మనదైనా పరాయివాళ్లదైనా. సైనికులు, ఏనుగులు, యాళి, మకరం లాంటి జంతువులు ఉన్నాయి కదా, వాటితోనే ఎన్ని సైన్యాలైనా చేయొచ్చు. మూడు జవాబులూ రాశాక ఊహ ఎంతైనా పెంచుకోవచ్చు. యాళికి రెక్కలు పెట్టుకోండి, ఏనుగు మీద రెండంతస్తుల అంబారీ కట్టుకోండి. ఏది నిజమో తెలిసి మార్చడం వేరు, తెలియక కలిపేయడం వేరు.

ఇంట్లో ఎలా చేయాలి?

ముందు లెక్క. మనిషి 168 సెంటీమీటర్లు, బొమ్మ 28 మిల్లీమీటర్లు అనుకుంటే స్కేలు 60కి 1. భుజం దగ్గర 270 సెంటీమీటర్లు ఉండే ఏనుగు 45 మిల్లీమీటర్లు అవుతుంది. 90 సెంటీమీటర్ల కత్తి 15 మిల్లీమీటర్లు. 3 సెంటీమీటర్ల మందం ఉన్న ఈటె కర్ర అర మిల్లీమీటరే అవుతుంది, ముట్టుకుంటే విరుగుతుంది. అందుకే బొమ్మల్లో ఆయుధాలు, చేతులు, తల కాస్త లావుగా చేస్తారు. నిష్పత్తి పాఠం ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

తర్వాత సన్నని తీగను మనిషి ఆకారంలో వంచి, సీసా బిరడాకు గుచ్చండి. దాని మీద రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ పుట్టీని పలుచగా పెట్టాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎమ్‌సీల్ కూడా ఆ రకమే. త్వరగా గట్టిపడుతుంది కాబట్టి శనగగింజంత మాత్రమే కలపండి. టూత్‌పిక్, సూది తడి చేసుకుంటే అంటుకోదు. మొదటి రోజు శరీరం, అది గట్టిపడ్డాక రెండో రోజు బట్టలు, ఆఖరున ఆయుధాలు. అన్నీ ఒకేసారి చేస్తే వేలిముద్రలు తప్ప ఏమీ మిగలవు, అది నా అనుభవం.

పంచె మడతలు ఎలా పడతాయో చూడాలంటే తాతగారిని గోచీ పోసి కట్టుకుని నాలుగు అడుగులు వేసి చూపించమనండి. పిల్లలకు గూగుల్‌లో దొరకని రెఫరెన్స్ అది. తాతగారికీ సరదాగా ఉంటుంది.

గట్టిపడ్డ బొమ్మకు ముందు తెల్ల రంగు పూత, ఆరాక ఆక్రిలిక్ రంగులు వేయాలి. ఇది మన కొండపల్లి పద్ధతికి చాలా దగ్గర. అక్కడ తెల్ల పొనికి చెక్కతో ఒంటిని, కాళ్లుచేతుల్ని విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. సున్నం పూసి, ఆ తర్వాత రంగులు వేస్తారు. మీ ఇంట్లో కొండపల్లి అంబారీ ఏనుగు ఉంటే పిల్లల ముందు పెట్టండి. దానికంటే మంచి శాంపిల్ దొరకదు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. పుట్టీ పనికి గ్లవ్స్ తప్పనిసరి. గట్టిపడ్డాక గీకితే వచ్చే పొడి పీల్చకూడదు. కట్టర్ పని పెద్దవాళ్లే చేయాలి. ఐదో తరగతి లోపు పిల్లలకు పుట్టీ వద్దు. గాలికి ఆరే మట్టితో అరచేయంత బొమ్మ చాలు. కంప్యూటర్ ఇష్టపడే పిల్లలు బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ తయారు చేసుకోవచ్చు. కానీ రెసిన్ ప్రింటర్ మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. ఆ ద్రవం చర్మానికి మంచిది కాదు, కడిగే ఆల్కహాల్‌కు నిప్పు అంటుకుంటుంది. ప్రింటింగ్ షాపులో చేయించండి.

"దీనివల్ల మార్కులొస్తాయా మేడమ్?"

పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు అడిగారు. నేరుగా రావండీ. కానీ ఒక్క సైనికుడి కోసం మా పిల్లలు మూడు వారాలు చదివారు, కొలిచారు, పాడుచేసి మళ్లీ చేశారు. వర్ణన రాయమంటే గతంలో నాలుగు వాక్యాల్లో ఆగిపోయేవాళ్లు, ఈసారి పేజీ తిప్పారు. చెప్పడానికి వాళ్ల దగ్గర ఏదో ఉంది మరి. యుద్ధం ఆట కదా అనే సందేహం ఉంటే, మీరూ ఒకసారి బల్ల దగ్గర కూర్చుని ఆడండి. తన చేతులతో మూడు వారాలు చేసిన బొమ్మ ఓడిపోతే పిల్లలు దాన్ని ఎంత మెల్లగా పడుకోబెడతారో మీరే చూస్తారు.

మొదట ప్రశ్న అడిగిన అబ్బాయి చివరికి మేకుల అంగీ తొడిగిన రౌతును చేశాడు. గుర్రం ఒక కాలు పొట్టి, నిలబడదు. కింద చిన్న బంకమట్టి ముద్ద పెట్టి నిలబెట్టాడు. దాని కాగితం మీద మూడు జవాబులూ ఉన్నాయి. సెలవుల తర్వాత మీ పిల్లల బొమ్మలు, వాటి కాగితాలు స్కూల్‌కి పంపండి. లైబ్రరీలో ఒక అర ఖాళీ చేసి ఉంచుతాం.