లోతు నీటిలో నడచు బండి – గ్రామపంచాయతీలు తెలిసికొనవలసిన విషయములు

వరద వచ్చినప్పుడు గ్రామమునకు మొదట తెగిపోవునది దారి. ప్రసవవేదన పడు తల్లిని ఆసుపత్రికి చేర్చుటకు వీలుండదు. మందులు, పాలు లోనికి రావు. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగుల మట్టమునకు ఎక్కినప్పుడు ఏటిగట్టు గ్రామములును లంకలును ఈ బాధ అనుభవించినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినప్పుడు పడవలతోపాటు ట్రాక్టర్లు కూడ మనుష్యులను, ఆహారమును మోసినవి. ఇట్టి అనుభవముల పిమ్మట, నీటిలో నడువగల బండి యొకటి గ్రామమునకు ఉండిన బాగుండునని సభ్యులకు తోచుట సహజము.

అన్ని నేలలపై నడచు నాలుగు చక్రముల చిన్నబండిని ఏ.టి.వి. అందురు. 1970లో అమెరికా విపణిలో మూడు చక్రములతో మొదలైన ఈ తరహా బండి, 1980 తరువాత నాలుగు చక్రములు పొంది వ్యాపించినది. బురదనేలలలో తిరుగువారు దీనికి మార్పులు చేసి లోతు నీటిలో నడపుచున్నారు. ఆ మార్పులు ఎట్టివి? వానివలన కలుగు మేలెంత? వానికి అందని అపాయమేది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలియక ధనము వెచ్చించుట తగదు.

యంత్రమునకు ఊపిరి

ఇంజనునకు ఇంధనమెంత అవసరమో గాలియు అంతే అవసరము. ఆ గాలి లోనికి పోవు నోరు నీటిలో మునిగినచో సిలిండరులోనికి నీరు చేరును. గాలిని పిస్టన్ అదుమగలదు, నీటిని అదుమజాలదు. తిరుగుచున్న యంత్రము ఒక్కసారిగా నిలిచి, పిస్టనును కదలించు కనెక్టింగ్ రాడ్ వంగుటయో విరుగుటయో జరుగును. గాలిని మిక్కిలి బిగువుగా అదుము డీజిలు ఇంజనునకు ఈ దెబ్బ మరింత తీవ్రము.

కావున మొదటి మార్పు గాలి నోటిని పైకెత్తుట. వడపోత పెట్టెనుండి ఒక గొట్టమును హ్యాండిలు ఎత్తువరకు తెచ్చి, అతుకులన్నిటిని గాలి చొరకుండ బిగింతురు. దీనినే స్నార్కెల్ అందురు. అతుకులు సరిగా ఉన్నవో లేవో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా గొట్టము పైనోటిని అరచేతితో మూయవలెను. ఇంజను ఆగిపోయినచో అతుకులు మంచివి. ఆగక నడచుచున్నచో ఎక్కడనో సందు కలదు. గాలి వచ్చిన ఆ సందునుండియే రేపు నీరును వచ్చును.

మిగిలిన రంధ్రములు

గేరుపెట్టెకును ఇరుసుపెట్టెలకును లోపలి వేడిగాలి పోవుటకు చిన్న రంధ్రములుండును. నడచి వేడెక్కిన ఇరుసు చల్లని నీటిలో దిగగానే లోని గాలి కుదించుకొని నీటిని పీల్చును. నూనె పాలవలె తెల్లబారును. కావున ఈ రంధ్రములకు సన్నని రబ్బరు గొట్టములు తగిలించి, వానిని గూడ పైకి తేవలెను. పెక్కు ఏ.టి.వి.లలో శక్తిని చక్రములకు అందించునది రబ్బరు బెల్టు. దాని పెట్టెలోనికి గాలి వచ్చు దారిని, పోవు దారిని రెంటిని ఎత్తవలెను. తడిసిన బెల్టు జారును, బండి కదలదు. పెట్రోలు ఇంజనయినచో స్పార్కుప్లగ్గు టోపీలోను, విద్యుత్తు తీగల అతుకులలోను నీరు చొరకుండ తగిన గ్రీజు రాయుదురు. బురద మూయకుండ రేడియేటరును ముందువైపు పైకి మార్చువారును కలరు.

గొట్టమునకు అందని అపాయము

ఇంతవరకు చెప్పినది యంత్రమును కాపాడు ఉపాయము. బండినెక్కిన మనుష్యుని కాపాడునది ఇది కాదు. ఈ భేదము మరచుటయే పెద్ద ప్రమాదము.

ఒక లీటరు నీటిని తొలగించిన వస్తువును నీరు ఒక కిలో మేర పైకి నెట్టును. మూడువందల కిలోల బండి, లావైన గాలిచక్రములతోను తన ఒడలితోను మూడువందల లీటర్ల నీటిని తొలగించినచో తేలును. తేలిన బండి చక్రములకు నేల పట్టుండదు. ఇంజను ఎంత చక్కగా తిరిగినను చోదకుని మాట వినదు. పారు నీటి త్రోపు మరియొక యెత్తు. వేగము రెట్టింపయినచో త్రోపు నాలుగింతలగును. పారు నీరు అడుగులోతున చిన్నకారును కొట్టుకొనిపోగలదు. రెండడుగుల లోతున పెక్కు మోటారుబండ్లు నిలువజాలవు. ఇంకను, మురికినీటి క్రింద చప్టా తెగినదో గుంత పడినదో కంటికి కనబడదు.

2024 సెప్టెంబరులో ఖమ్మము వద్ద మున్నేటి వరదలో వంతెనపై చిక్కుకొన్న తొమ్మండుగురిని ఒక జె.సి.బి. చోదకుడు దరిచేర్చెను. అది మెచ్చదగిన సాహసము. కాని అట్టి యంత్రము బరువు ఏడెనిమిది టన్నులు. చిన్నబండికి గొట్టము తగిలించినంత మాత్రమున ఆ స్థిరత రాదు.

దీనినిబట్టి, మార్పు చేసిన బండి నిలువ నీటిలోను, బురదలోను, నేల తెలిసిన వీధిలోను ఉపకరించునే గాని, పారుచున్న వాగును దాటుటకు పనికిరాదని గ్రహింపవలెను. అచ్చట పడవయు, విపత్తు సహాయదళమును మాత్రమే శరణ్యము.

పంచాయతీ చేయదగిన పనులు

వానలకు ముందే వాగు చప్టాల రెండు చివరలను అరయడుగు గీతలతో కొలత స్తంభములు నాటింపుడు. ఏ గీత దాటిన పిమ్మట ఏ బండియు దిగరాదో సభలో తీర్మానించి దండోరా వేయింపుడు. ఆ గీత వద్ద గొలుసు కట్టి కాపలా ఉంచుడు. చీకటిపడిన పిమ్మట కాపలా మరింత ముఖ్యము.

బండి కొనదలచినచో తయారీదారుల చేపుస్తకము చదివింపుడు. పెక్కు ఏ.టి.వి.లను పాదములుంచు పలకను మించిన నీటిలో దింపరాదని అందు వ్రాసియుండును. మార్పులు చేసినచో తయారీదారుల పూచీ తొలగిపోవచ్చును. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చుట కూడదు. కావున రవాణాశాఖవారిని ముందుగా సంప్రతింపుడు.

బండి నీటిలో నడచునప్పుడు మనిషి నడకకు మించిన వేగము కూడదు. ఎక్కినవారందరును తేలుడు చొక్కాలు ధరింపవలెను. నీటిలో ఇంజను ఆగినచో మరల స్టార్టు చేయరాదు. బండిని ఒడ్డుకు లాగి, స్పార్కుప్లగ్గు తీసి, సిలిండరులోని నీటిని వెడలగొట్టిన పిమ్మటనే నడపవలెను. ప్రతి ప్రయాణము తరువాత నూనెల రంగు చూచుట, బ్రేకులు ఆరబెట్టుట, గ్రీజు క్రొత్తగా పెట్టుట మరువరాదు.

బండి యున్నదను ధైర్యముతో గ్రామము ఖాళీ చేయుట ఆలస్యము చేయరాదు. హెచ్చరిక వినగానే గర్భిణులను, వృద్ధులను, రోగులను దారి తెగకముందే మెరకకు చేర్చిన పంచాయతీకి లోతు నీటిలో బండి దింపవలసిన అవసరమే అరుదుగా కలుగును. దారి తెగిన పిమ్మట 112 నంబరునకు తెలిపి, సహాయదళము వచ్చువరకు జనమును నీటి ఒడ్డుకు పోనీయకుండుట సభ్యుల బాధ్యత.