ఉమ్మడి డిస్కు



విశాఖపట్టణపు రేవును చూచినవారు మీలో పెక్కుమంది యుందురు. యారాడ కొండ మరుగున సన్నని కాలువగుండ ఓడ లోపలికి వచ్చును. వచ్చినంత మాత్రమున దానిలోని సరకు మనకు దక్కదు. దానికి ఒక బెర్తు, అనగా నిలుచుచోటు, నిర్ణయింపవలెను. మోకులతో గట్టునకు కట్టవలెను. ఆ తరువాతనే కూలీలును క్రేనులును దానిని సమీపించుట. 1933వ సంవత్సరము అక్టోబరులో జలదుర్గ యను ఓడ ఈ రేవున మొదటిసారిగా ప్రవేశించిననాటినుండి ఈ క్రమము మాఱలేదు. అయినను నేడు నేను చెప్పదలచినది ఓడలనుగూర్చి కాదు; గాజువాకలో మా యింట మెట్ల క్రింది అలమారలో నున్న ఒక చిన్న పెట్టెనుగూర్చి. ఆ పెట్టెలో జరుగు పనియు ఇట్టిదే గనుక ముందుగా ఓడను తలచుకొంటిని.

మాది ఉక్కు కర్మాగారమునకు భూమి నిచ్చిన కుటుంబములలో నొకటి. 1971లో శంకుస్థాపన జరిగిన పిమ్మట, కొన్నియేండ్లకు మా పొలము పోయెను, జీడితోట పోయెను, తుదకు ఊరును పోయెను. మిగిలినవి కొన్ని కాగితములు: భూసేకరణ నోటీసు, పరిహారపు ఉత్తర్వు, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు, వీనితోబాటు మా తండ్రిగారు సర్వే నంబరుల వరుసను తమ చేతితో వ్రాసికొన్న ఒక పట్టిక. ఏ గట్టున ఏ తాటిచెట్టుండెనో, ఏ బావి నీటిలో ఎవరికెంత వంతో ఆ పట్టికలో నున్నది. ఆ యూరు ఇపుడు ఆ కాగితములోనే కలదని చెప్పినను తప్పులేదు.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మా పట్టణముమీద విరుచుకొనిపడినపుడు మేడమీది గది కిటికీ ఊడిపోయి, ట్రంకుపెట్టెలోనికి నీరు చేరెను. కరెంటు లేని ఆ దినములలో మేము కాగితములను ఒక్కొక్కటిగా విడదీసి పంచెలమీద ఆరబెట్టుకొంటిమి. తండ్రిగారి పట్టిక మడతలవద్ద విడిపోయి మూడు ముక్కలాయెను. సిరా కొన్నిచోట్ల కరగెను. వీనికన్నిటికిని ఛాయాప్రతులు తీసి, ఇంటిల్లిపాదికి అందుబాటుగా ఒకచోట నుంచవలెనను తలంపు నాకు ఆనాడు పుట్టినది.

మా యిల్లు మూడంతస్తులు. అన్నదమ్ములము ముగ్గురము తలకొక అంతస్తున నున్నాము. ఎవరి ఫోనులు వారివి, ఎవరి కంప్యూటర్లు వారివి. ఒకే కాగితమునకు ముగ్గురియొద్దను మూడు ప్రతులుండి, వానిలో ఏది సరియైనదో తెలియని స్థితి వచ్చినది. వంటలు వేఱైనను గాదె యొక్కటిగా నుండిన కుటుంబములను మనమెఱుగుదుము. అట్టి గాదె యొకటి మాకు కావలసివచ్చెను. పెట్టె సంగతి తెలిసినవాడు మా మేనల్లుడు. వాడే దానిని అమర్చినాడు.

గాదె యనగా ఇచట డిస్కు. 1956లో అమెరికాలో ఐ.బి.ఎం. వారు మొదటి డిస్కు యంత్రమును చేసినపుడు, రెండేసి అడుగుల వెడల్పుగల పళ్లెములు ఏబది పేర్చి, అందులో ఏబది లక్షల అక్షరములు పట్టించిరి. దాని బరువు ఒక టన్నునకు పైమాట. నేడు చొక్కాజేబులో పట్టునట్టి డిస్కు దానికి రెండు లక్షల రెట్లు ఇముడ్చుకొనును. సర్వరనగా ఆ గాదెకు కాపలాయుండి, అడిగినవారికి తీసి యిచ్చు కంప్యూటరు. ఇందుకు పెద్ద యంత్రము అక్కఱలేదు. 2012లో ఇంగ్లండునందు విక్రయమునకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై యను చీట్లపేక ముక్కంత పలక చాలును. దానిని లైనక్స్ అను వ్యవస్థ నడపును. ఆ వ్యవస్థ ఒక గోరంత కార్డుమీద నుండును. ఈ కార్డును మఱవకుడు. కథ దానివద్దకే వచ్చును.

డిస్కును తీగతో తగిలించినంతనే దానిలోని ఫైళ్లు కానరావు. లైనక్స్‌లో ఫోల్డరులన్నియు ఒకే మూలమునుండి కొమ్మలు వేసిన చెట్టువలె నుండును. ఆ చెట్టున ఒక ఖాళీ ఫోల్డరు నెన్నుకొని, “ఈ డిస్కులోని దంతయు ఇకమీదట ఈ ఫోల్డరు పేరున కనబడవలెను” అని యంత్రమునకు చెప్పవలెను. దీనినే మౌంటు చేయుట యందురు. ఫోల్డరు బెర్తు, డిస్కు ఓడ. మా బెర్తునకు ‘ఉమ్మడి’ యని పేరు పెట్టితిమి.

ఏ యోడను కట్టవలెనో యంత్రమునకు ఎట్లు తెలియును? అది తనంతట తానుగా, డిస్కులు వచ్చిన వరుసనుబట్టి ఎస్.డి.ఎ., ఎస్.డి.బి. అని పేర్లు పెట్టును. రేపు రెండవది ముందుగా మేలుకొన్నచో పేర్లు తాఱుమాఱగును. అందుచేత డిస్కును సిద్ధపఱచునాడే దానిమీద పడు ముప్పదిరెండక్షరముల గుర్తుతో పిలువవలెను. దానికి యు.యు.ఐ.డి. యని పేరు. బంతిలో మూడవవాడా యని పిలుచుటకును, ఇంటిపేరుతో పిలుచుటకును గల భేదమే యిది. ఆ గుర్తును, బెర్తు పేరును ఎఫ్‌స్టాబ్ అను ఫైలులో ఒక పంక్తిగా వ్రాసిపెట్టినచో, యంత్రము లేచినప్పుడెల్ల డిస్కును తానే కట్టుకొనును.

డిస్కునకు ఇ.ఎక్స్.టి.4 అను పద్ధతి పెట్టితిమి. పూర్వపు వర్తకులు లావాదేవీని మొదట చిట్టాలో వ్రాసి, పిదప ఆవర్జాకు ఎక్కించెడివారు గదా. దీపమాఱి పని సగములో నిలిచినను చిట్టా చూచి ఆవర్జాను సరిచేసికొనవచ్చును. ఈ పద్ధతియు నట్టిదే. ఫైళ్ల పట్టికకు చేయబోవు మార్పును ముందు ఒకచోట టూకీగా వ్రాసికొని, తరువాత అమలుపఱచును. కరెంటు పోయినను లెక్క చెడదు. అయితే లెక్క నిలుచునే గాని, ఆ క్షణమున వ్రాయుచున్న ఫైలు పూర్తిగా దక్కునని నమ్మరాదు. ఏలయన, యంత్రము వ్రాయుమన్నవానిని వెంటనే డిస్కున వ్రాయక కొంతసేపు తన జ్ఞాపకములోనే యుంచుకొనును. గట్టుమీద బస్తాలు పేర్చి, ఎక్కించితిమని చెప్పు కూలీలవంటిది. కావున తీగ లాగుటకు ముందు అన్‌మౌంటు చేయవలెను. అనగా మోకులు విప్పకయే ఓడను కదలింపరాదు. మా తమ్ముని కుమార్తె ఒకమారు ఫోను ఛార్జింగునకు చోటు కావలెనని ఆ తీగను లాగివేసినది. పిల్లనేమియు అనలేదు, తీగకు ఎఱ్ఱ పీలిక కట్టితిమి.

ఇక పంచుకొనుట. డిస్కు లైనక్స్ యంత్రమునకు కట్టబడినది. ఇంటిలోని కంప్యూటర్లో విండోస్‌వి. వీని నడుమ దుబాసీ కావలెను. ఆ దుబాసీ పేరు సాంబా. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అను విద్యార్థి 1991వ సంవత్సరాంతమున దీనికి శ్రీకారము చుట్టెను. విండోస్ యంత్రములు ఫైళ్లు పంచుకొను భాషకు ఎస్.ఎం.బి. యని పేరు. ఆ మూడక్షరములును గల మాట కొఱకు నిఘంటువు వెదకి ఆయన సాంబా యను పేరు పట్టెను. మన సాంబశివునకు దీనితో సంబంధము లేదు. మా వదినెగారు మాత్రము ఒప్పుకొనరు.

సాంబా ఫైలులో ‘ఉమ్మడి’ని ఎవరు చూడవచ్చునో, ఎవరు వ్రాయవచ్చునో చెప్పవలెను. లైనక్స్ ప్రతి ఫైలునకు సొంతదారు, బృందము, పరులు అని మూడు తెగలవారికి వేఱువేఱు హక్కు లిచ్చును. మేము పెద్దల ముగ్గురికి వ్రాయు హక్కును, పిల్లలకు చూచు హక్కును మాత్రమే యుంచితిమి. సంకేతపదము లేక ఎవరికిని ప్రవేశము లేదు. సాంబా తలుపును ఇంటి వెలుపలి అంతర్జాలమునకు తెఱవనే లేదు. 2017 మే నెలలో వానాక్రై యను పీడ విండోస్‌లోని పాత ఎస్.ఎం.బి. లోపమును ఆసరాగొని ప్రపంచమంతట ప్రాకి, ఫైళ్లకు తాళములు వేసి సొమ్ము అడిగెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నింటిని గూడ అది విడువలేదు.

ఇంతయు సక్రమముగా జరిగిన పిమ్మటనే మా కష్టము వచ్చినది. ఒక వేసవి సాయంకాలమున కరెంటు పోయి వచ్చెను. పెట్టెయు లేచెను. కాని దానికి తగిలించిన డిస్కు లేవలేదు. తిరుగు డిస్కు మొదలిడునపుడు ఎక్కువ విద్యుత్తు లాగును. చిన్న పలకనుండి అది చాలలేదు. డిస్కు లేకున్నను యంత్రము ఆగకుండ నడువవలెనని మేనల్లుడు ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ అను మాట చేర్చియుండెను. అది మంచి మాటయే. కాని ఆనాడు దాని మంచితనమే చేటయ్యెను: డిస్కు రాని సంగతి మాకు తెలియలేదు.

ఆ పదునాలుగు దినములును నేను తండ్రిగారి పట్టికకు ప్రతులు తీయుచు ‘ఉమ్మడి’లో చేర్చుచుంటిని. పాత ఫైళ్లు కానరాకుండుట గమనింపలేదా యని మీరడుగవచ్చును. నేను క్రొత్త ఫోల్డరు చేసికొని దానిలోనికే సూటిగా పోవుచుంటిని, నా తప్పే. ముక్కలను గాజుపలకమీద పఱచునపుడు అంచులు పొడిపొడియై రాలెను. ప్రతి తీసితిని గదా యని ధైర్యపడితిని. తరువాత ఒకనాడు మేనల్లుడు వచ్చి డిస్కు నిద్రపోవుట చూచి దానిని లేపెను. పాత ఫైళ్లన్నియు వచ్చెను. నేను చేర్చినవి ఒక్కటియు లేవు.

ఆ రాత్రి నాకు నిదురపట్టలేదు. రాలిపోయిన అంచులలోనే బావుల వంతులున్నవి.

మఱునాడు వాడు, “మావయ్యా, మీరు ధాన్యము పోసినది గాదెలో కాదు. గాదె లేనపుడు దాని యరుగుమీద పోసినారు. నేను వచ్చి దానిమీదనే గాదెను నిలిపినాను. ధాన్యము అడుగుననే యుండును” అనెను. ఫోల్డరు పేరు వేఱు, డిస్కు వేఱు. డిస్కు లేనపుడు ‘ఉమ్మడి’ యనునది గోరంత కార్డులోని ఖాళీ ఫోల్డరు మాత్రమే. దానిలో వ్రాసినను యంత్రము కాదనదు. డిస్కు వచ్చి పైన నిలిచినంతనే ఆ వ్రాసినది మరుగుపడును. వాడు డిస్కును అన్‌మౌంటు చేసెను. నా ఫోల్డరు కనబడెను. పట్టిక మూడు ముక్కలును, అంచులతో సహా, అందున్నవి.

తరువాత వాడు చేసిన మరమ్మతులు చెప్పెదను. మీ యిండ్ల పిల్లలచేత చేయింపవచ్చును. డిస్కు విప్పియున్నపుడు చాటర్ అను ఆజ్ఞతో ఆ ఖాళీ ఫోల్డరునకు మార్పరాని ముద్ర వేసెను. ఇపుడు డిస్కు లేనిదే అందులో ఎవరును వ్రాయజాలరు. సాంబాకు బెర్తును గాక, డిస్కులోపల నున్న ‘కాగితములు’ అను ఫోల్డరును చూపెను; డిస్కు రాకున్నచో ఆ ఫోల్డరే యుండదు, తలుపు తెఱచుకొనదు. డిస్కునకు వేఱుగా విద్యుత్తు అందించు పరికరమును కొని, పెట్టెను ఇన్వర్టరుకు తగిలించెను.

నేను వానిని మఱియొకటి యడిగితిని: డిస్కే చెడిపోయినచో? అందఱు పంచుకొనినను ప్రతి యొక్కటే గదా. వాడు నవ్వి రెండవ డిస్కును తెచ్చెను. దానిని విజయనగరములో మా చెల్లెలియింట, సముద్రపు ఉప్పుగాలికి దూరముగా, బీరువాలో నుంచితిమి. ప్రతి సంక్రాంతికి ఆమె దానిని తెచ్చును. భోజనములకు ముందు తగిలించి, ఆ యేటి ఫైళ్లు చేర్చి, అన్‌మౌంటు చేసి, తిరిగి ఆమె సంచిలో పెట్టుదుము.