ఉమ్మెత్త పూచిన స్తంభము

వానకు మొగము వాచిన మా బత్తలపల్లె వేరుసెనగ చేలగట్లమీద ఎవ్వరును నాటకయే పెరుగునది ఉమ్మెత్త. పశువు సైతము ముట్టని ఆ పువ్వును డోర్నకల్లు ప్రధాన దేవాలయపు రాతి స్తంభములమీద తామరతోను అరటిపువ్వుతోను కలిపి చెక్కియుండుట చూచి, నేను చాలసేపు అచ్చటనే నిలిచిపోతిని. ఉమ్మెత్త మృత్యువునకును, అరటి ఆత్మత్యాగమునకును, తామర ఈ దేశమునకును గుర్తులట. మా బీటిభూముల పువ్వునకు దేవుని సన్నిధిని చోటిచ్చిన మహనీయుడు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

1874లో తిరునెల్వేలి సీమలో ఒక గురువుగారి యింట జన్మించిన ఈ తమిళుడు, వై.ఎం.సి.ఏ.లో పనిచేసి, 1909లో గురుత్వము స్వీకరించి, నైజాము రాజ్యమందలి డోర్నకల్లు చేరి, పరభాషయైన తెలుఁగును తన జీవితభాషగా చేసికొనెను. మరుసటి యేడు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్లదొరలు ధనమిచ్చిరి, ప్రాణములనుగూడ ధారపోసిరి, కాని సాటివారిగా మాతో కూర్చుండలేదని నిర్భయముగా పలికి, తమకు స్నేహితులు కావలెనని కోరెను. ఇట్టి స్నేహితుడెట్లుండునో మా యూరివారికి వేరుగ చెప్పనక్కరలేదు: ఇచ్చటి ఆసుపత్రిని నడుపు సంస్థను స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ స్పెయినులో పుట్టి, 1969లో అనంతపురము వచ్చి, 2009లో ఈ గడ్డమీదనే కన్నుమూసెను.

తెల్లవారిలో పలువురును, భారతీయ క్రైస్తవులలోనే కొందరును అభ్యంతరము చెప్పుచున్నను, మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుదలవలన, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ దేవాలయములో అజరయ్యకు అభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘమున బిషప్ పదవి నధిష్ఠించిన మొదటి భారతీయుడాయనయే.

గుమ్మటములును, మినారులును, మండపస్తంభములును ఒక్కచోట కూడిన ఆ డోర్నకల్లు దేవాలయము 1939 జనవరి 6 వరకును ప్రతిష్ఠకు నోచుకొనలేదు. అందులకు నేను విచారింపను. రాతిగుడికంటె ముందు మాలపల్లెలును మాదిగవాడలును ఆయనను పిలిచినవి. ఎద్దుబండిమీదను సైకిలుమీదను తిరిగి, మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నలుగురు శత్రువులను వాడవాడను పేరుపెట్టి చూపెను. బాప్తిస్మము పొందినవాడు తన చేతిని తన తలమీదనే యుంచుకొని, సువార్త చెప్పకయుండినచో నాకు శ్రమయని ప్రమాణము చేయవలెను. ఎన్నడును పెద్దల యెదుట తలయెత్తనివాడు, తన తలమీద తన చేతినే యుంచుకొని, అందరి నడుమ గొంతెత్తి మాట యిచ్చుట! ఆ యొక్క ఆచారములోనే నాకు ఆ బిషప్ హృదయము కానవచ్చుచున్నది. 1941 నాటికి ఆయన అధ్యక్ష మండలములోని క్రైస్తవులు రెండు లక్షలు దాటిరి. మతాంతరీకరణ విషయమున గాంధీగారితో ఆయనకు గాఢమైన విభేదముండెను. అయినను క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదనియే ఆయన వాదించెను.

1919లో తరంగంబాడి సమావేశమున ఆరంభమైన సంఘైక్య ప్రయత్నమునకై తుదివరకు పాటుపడి, 1945 జనవరి 1న డోర్నకల్లులో పరమపదించెను. ఆ ప్రయత్నమునకు ఫలమైన దక్షిణ భారత సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడినది.